ఆప్టోమెట్రీలో సీటు వచ్చింది, ఇక మార్కుల సంగతి
(వాడపల్లిలో జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ సభ శనివారం పెట్టకపోవడం సంఘం వారు చేసిన మంచి పని. ఏడు శనివారాల మొక్కు జనంలో వెంకన్న బాబు దర్శనమైనా అయ్యేది గానీ, మైకులో మా మాట మీకు వినపడేది కాదు.

మేం హాస్టల్ వార్డెన్లం. బీఈడీ చదివి, కొన్నాళ్లు పాఠాలు చెప్పి, తర్వాత ఈ పనిలోకి వచ్చినవాళ్లం. పొద్దున టిఫిన్ ఏమిటి, బియ్యం లెక్క ఎంత, ఎవరికి జ్వరం వచ్చింది, ఎవరు గోడ దూకారు అనేవే మా రోజువారీ సంగతులు. కానీ పదేళ్లకు పైగా మేం గమనిస్తున్న విషయం ఇంకొకటి ఉంది. మన పిల్లలకు సీటు వస్తోంది. సీటు వచ్చిన రోజు ఊరంతా సంతోషం. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లల్లో కొందరు చడీచప్పుడు లేకుండా ఇంటికి వచ్చేస్తున్నారు. పెళ్లిలో కనిపిస్తే "సెలవులండీ" అంటారు. ఆ సెలవులు ఎప్పటికీ అయిపోవు. ఇవాళ మాట్లాడేది వాళ్ల గురించీ, రేపు వాళ్లలా కాకూడని మీ గురించీ.

ఆప్టోమెట్రీనే ఎందుకు తీసుకున్నామంటే, ఈ రెండు మూడేళ్లలో బైపీసీ చదివిన మన పిల్లలు ఎక్కువగా అడుగుతున్న కోర్సుల్లో అదొకటి. ఎంబీబీఎస్ అందలేదు, నర్సింగ్ వద్దనుకున్నారు, మరి ఇంకేముంది అని వెతికితే ఇది తగులుతోంది. చేరే ముందు అదేమిటో తెలియాలి కదా. ఆప్టోమెట్రిస్ట్ అంటే కళ్లద్దాల షాపులో ఫ్రేములు అమ్మేవాడు కాదు, ఆపరేషన్ చేసే కంటి డాక్టరూ కాదు. చూపు కొలవడం, అద్దాల పవర్ తేల్చడం, మెల్లకన్ను, లో విజన్, కాంటాక్ట్ లెన్సుల పని చూడడం, కంట్లో జబ్బు ఉంటే గుర్తుపట్టి డాక్టరు దగ్గరకు పంపడం ఆయన పని. నాలుగేళ్ల డిగ్రీ. అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. రెండేళ్ల డిప్లొమాలు వేరు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు ఇంటర్ చదివిన పల్లెటూరి పిల్లలకు ఏడాది శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్లుగా తయారు చేసేది కూడా వేరు. మూడూ మంచివే. మీరు ఏ దాంట్లో చేరుతున్నారో ఆ కాగితం మీద ఏమని ఉందో మాత్రం చదివి సంతకం పెట్టండి. ఒక పిల్లాడు డిగ్రీ అనుకొని డిప్లొమాలో చేరి, రెండో ఏడాది సర్టిఫికెట్ చేతికొచ్చాక తెలుసుకున్నాడు.

మన రాష్ట్రాల్లో ఈ చదువుకు పేరున్న చోట్లు ఉన్నాయి. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన ఎల్వీ ప్రసాద్ సంస్థకు ఆప్టోమెట్రీ విద్యాలయం ఉంది. విశాఖలోనూ, విజయవాడలోనూ వాళ్ల పెద్ద ఆసుపత్రులున్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటిగ్రేటెడ్ కోర్సు ఉంది. దక్షిణాదిలో పాత బడి అంటే చెన్నైలో శంకర నేత్రాలయ వాళ్ల ఎలైట్ స్కూల్, అది 1985 నాటిది. ప్రైవేటు కాలేజీలు చాలా వచ్చాయి. 2021లో పార్లమెంటు అలైడ్ హెల్త్ కేర్ వృత్తుల చట్టం చేసింది, ఆప్టోమెట్రీ కూడా అందులో ఉంది. కాబట్టి చేరబోయే కాలేజీ ఏ యూనివర్సిటీ కింద ఉంది, సొంతంగా కంటి ఆసుపత్రి ఉందా, లేకపోతే పిల్లల్ని ప్రాక్టికల్‌కి ఎక్కడికి పంపుతారు అని అడగండి. రోగులు లేని కాలేజీలో ఈ చదువు చదవడమంటే నీళ్లు లేని చెరువులో ఈత నేర్చుకున్నట్టే.

మన ఇళ్లలో కంటి జబ్బు కొత్తేమీ కాదు. శుక్లాలు ముదిరి గోడ పట్టుకు నడిచే నానమ్మలు ఉన్నారు. బోర్డు కనపడక వెనకబెంచీలో కూర్చుని "మొద్దు" అనిపించుకున్న పిల్లలున్నారు. మాలోనూ నలభై దాటినవాళ్లకు చత్వారం వచ్చి, హాజరు పట్టీ చేతులు చాచి చదువుకుంటున్నాం. తెలంగాణలో 2018 ఆగస్టు 15న, మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 10న కంటి వెలుగు పేరుతో ఊరూరా పరీక్షలు మొదలుపెట్టినప్పుడు ఎంతమంది ఎగబడ్డారో చూశాం. మన తండాల్లో, గూడేల్లో, లంకల్లో మన మాట తెలిసిన మనిషి కంటిలోకి టార్చి వేసి చూస్తే ముసలివాళ్లు బెదరరు. అందుకే ఈ చదువు మధ్యలో ఆగిపోతే నష్టం ఆ పిల్ల ఒక్కదానిదే కాదు.

సరే, ఎందుకు ఆగిపోతోంది? మొదటి ఏడాదే అసలు గండం. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, ఆప్టిక్స్ అన్నీ ఒక్కసారి మీద పడతాయి. అంతా ఇంగ్లీషు. ఇంటర్‌లో 35 మార్కులకు గట్టెక్కిన అలవాటు. ఆరోగ్య కోర్సుల్లో చాలాచోట్ల పాస్ కావాలంటే సగం మార్కులు రావాలి, థియరీలో వేరుగా, ప్రాక్టికల్‌లో వేరుగా. మీ కాలేజీ నిబంధన ఎంతో చేరిన మొదటి వారమే అడిగి పుస్తకం అట్ట మీద రాసిపెట్టుకోండి. ఈ తేడా తెలియక, "నలభై రెండు వచ్చాయి మేడమ్, పాసయ్యాను" అని మాకు సంతోషంగా ఫోన్ చేసిన అబ్బాయి ఉన్నాడు.

మా హాస్టల్లో ఇంటర్ చదివి వెళ్లిన ఒక అమ్మాయి సంగతి చెప్తాం. పేరు, ఊరు వద్దు. మొదటి ఏడాది రెండు సబ్జెక్టులు పోయాయి, ఆప్టిక్స్, ఫిజియాలజీ. రాత్రి తొమ్మిదింటికి ఫోన్. "మేడమ్, నేను వచ్చేస్తాను. ఇది మనలాంటోళ్ల చదువు కాదు." అంతకుముందు వారం క్లాసులో ఒకాయన అందరి ముందూ "నువ్వు ఏ ర్యాంకుతో వచ్చావ్?" అని అడిగారట. ఆ మాట కడుపులో పెట్టుకుని ఆ అమ్మాయి ఆరు రోజులు క్లాసుకే వెళ్లలేదు. ఫెయిలవ్వడం కంటే ఆ ఆరు రోజులే మమ్మల్ని ఎక్కువ భయపెట్టాయి.

మేం వచ్చెయ్యమనీ అనలేదు, రావద్దనీ అనలేదు. "ఇంటర్నల్ పరీక్షల పేపర్లు తీసుకుని ఆదివారం రా" అన్నాం. దిద్దిన పేపర్లు ముందు పెట్టుకుని కూర్చున్నాం. మాకు ఆప్టోమెట్రీ రాదు, కానీ పేపరు చదవడం వచ్చు. బీఈడీలో మాకు నేర్పిన వాటిలో ఇన్నేళ్లూ పనికొచ్చింది ఇదొక్కటే అనుకోండి: పిల్ల ఎక్కడ తప్పిందో చూడు, ఎంత తప్పిందో తర్వాత చూద్దువు. ఆప్టిక్స్ పేపర్లో సూత్రాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ప్లస్ పెట్టాల్సిన చోట మైనస్, మైనస్ పెట్టాల్సిన చోట ప్లస్. అయిదు లెక్కల్లో నాలుగు పోయింది అక్కడే. ఫిజియాలజీ పేపర్లో మొదటి పేజీ బాగుంది, తర్వాత అంతా సగం సగం వాక్యాలు. తెలుగులో అడిగితే కన్నీరు ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో గడగడా చెప్పింది. ఇంగ్లీషులో రాయడానికి చెయ్యి ఆడలేదు. అంటే ఆ అమ్మాయికి తక్కువైంది రెండే, గుర్తుల నియమం, రాసే అలవాటు. "మనలాంటోళ్ల చదువు కాదు" అన్న మాటకు ఆ పేపర్లలో ఎక్కడా రుజువు లేదు.

అదే అమ్మాయి మాకు తర్వాత నేర్పిన సంగతులు కొన్ని మీకు చెప్తాం. మాకు అర్థమైంది కాబట్టి మీకూ అవుతుంది.

బైపీసీ వాళ్లకు లెక్కలు ఉండవు కాబట్టి ఆప్టిక్స్ అంటే గుండె దడ. ఆప్టిక్స్ మనకు కొత్తది కాదు. గోదావరి పాయల్లో ఈటెతో చేపను పొడిచేవాళ్లను అడగండి. చేప కనిపించే చోట ఈటె వేస్తే తగలదు, దానికంటే కిందికి వెయ్యాలి. నీళ్లలోంచి బయటికి వచ్చే వెలుగు వంగడం వల్ల నాలుగడుగుల లోతు మూడడుగుల్లా కనపడుతుంది. నీటి వక్రీభవన గుణకం 1.33 కదా, నాలుగును దానితో భాగించండి, మూడే వస్తుంది. మన తాతలు లెక్క వెయ్యకుండా చేసినదాన్ని మీరు లెక్క వేసి చేస్తున్నారు. తేడా అంతే.

గుర్తుల సంగతికి వస్తే, దూరాలన్నీ అద్దం దగ్గర మొదలుపెట్టి కొలవాలి. వెలుగు వెళ్లే వైపు కొలిస్తే ప్లస్, ఎదురు కొలిస్తే మైనస్. లెక్క మొదలెట్టే ముందు బొమ్మ గీసి, వెలుగు దిక్కుకి ఒక బాణం వేసుకోవాలి. బొమ్మ లేకుండా సూత్రంలో అంకెలు వేసినవాళ్లే పడిపోతున్నారు. పవర్ అంటే మీటర్లలో ఫోకల్ లెంగ్త్‌ని ఒకటి కింద వేయడం. అర మీటరైతే 2 డయాప్టర్లు, పావు మీటరైతే 4. మైనస్ 2 అద్దం కావాల్సిన మనిషికి అద్దం లేకుండా అర మీటరు దాకానే స్పష్టంగా కనపడుతుందన్న మాట. ఇలా మనిషికి ముడిపెట్టుకుంటే అంకె మరిచిపోరు.

సిలిండర్ పవర్ మార్చి రాయడం అనే లెక్క ప్రతి పరీక్షలో ఉంటుందట. మైనస్ 2.00 స్ఫియర్, మైనస్ 1.00 సిలిండర్, యాక్సిస్ 180 అని ఇస్తారు. రెండూ కలిపితే మైనస్ 3.00, అది కొత్త స్ఫియర్. సిలిండర్ గుర్తు మారుతుంది, ప్లస్ 1.00. యాక్సిస్ 90 డిగ్రీలు జరుగుతుంది, 90. అంతే. రోజుకు పది చొప్పున నెల రోజులు చేసింది ఆ అమ్మాయి, అన్నం కోసం క్యూలో నిలబడి కూడా. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తుంది.

రెటినోస్కోపీ మాత్రం పుస్తకంలో రాదు. చీకటి గదిలో కంటిలోకి గీత వెలుతురు వేసి, అది మనం కదిపిన వైపే కదులుతోందా, ఎదురు కదులుతోందా చూసి, అద్దాలు మారుస్తూ కదలిక ఆగే దాకా వెళ్లాలి. 66 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే వచ్చిన దాంట్లో 1.50 తీసేయాలి. ప్లస్ 0.50 దగ్గర కదలిక ఆగిందంటే అసలు పవర్ మైనస్ 1.00. ఇది చెయ్యి తిరిగే పని. కుట్టుమిషన్ తొక్కడం లాంటిది. ల్యాబ్‌లో పరికరాలు తక్కువ, పిల్లలు ఎక్కువ. ముందుకు తోసుకెళ్లేవాళ్ల చేతుల్లోనే అవి ఉంటాయి. మనవాళ్లు మర్యాదగా వెనక నిలబడతారు. ఇక్కడ మర్యాద వద్దు తల్లీ. మధ్యాహ్నం భోజనం టైములో ల్యాబ్ ఖాళీగా ఉంటుంది, ల్యాబ్ సహాయకుణ్ణి "అన్నా, ఇరవై నిమిషాలు" అని అడగండి. ఎవరూ కాదనరు. పేషెంట్ కావాలంటే రూమ్‌మేట్ ఉంది కదా.

ఇంగ్లీషు సంగతి. ఇంగ్లీషు నేర్చుకుని తర్వాత ఫిజియాలజీ చదువుదామంటే కోర్సు అయిపోతుంది. మేం చెప్పేది ఇది. నోటుపుస్తకం పేజీని రెండు చేయండి. ఎడమ వైపు తెలుగులో మీకు అర్థమైంది రాయండి, మీ ఇంటి తెలుగులోనే. కుడి వైపు అదే విషయం ఇంగ్లీషులో అయిదు చిన్న వాక్యాలు. కర్త, క్రియ, ఫుల్‌స్టాప్. పెద్ద వాక్యాలు రాయమని పరీక్షలో ఎవరూ అడగరు. బొమ్మ గీసి పేర్లు పెడితే సగం మార్కులు బొమ్మే తెస్తుంది. కంటిని తిప్పే కండరాలు ఆరు. లేటరల్ రెక్టస్‌కి ఆరో నరం, సుపీరియర్ ఆబ్లిక్‌కి నాలుగో నరం, మిగిలిన నాలుగింటికీ మూడో నరం. దీనికి ఎంత ఇంగ్లీషు కావాలి చెప్పండి? ఖురానా గారి ఆప్తాల్మాలజీ పుస్తకం లైబ్రరీలో ఉంటుంది, భాష తేలిక. కొనక్కర్లేదు. ముందు ఒక్క పుస్తకం పట్టుకోండి. పది పీడీఎఫ్‌లు ఫోన్‌లో దింపుకుని ఒక్కటీ తెరవని వాళ్లే మాకు ఎక్కువ కనపడ్డారు. స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితం, నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉచితం. సీనియర్ల పాత ప్రశ్నపత్రాలు అన్నిటికంటే ఉచితం.

ఇక సాయం అడగడం. మన పిల్లలకు కష్టమంతా ఇక్కడే ఉందని మా అభిప్రాయం. ఆకలేస్తే అడగరు, అర్థం కాకపోతే అసలే అడగరు. అడిగితే "వీళ్లకింతే" అంటారేమోనని భయం. ఎలా అడగాలో కూడా ఎవరూ చెప్పలేదు. "సార్, ఏమీ అర్థం కాలేదు" అంటే ఆయన మాత్రం ఎక్కడ మొదలుపెడతాడు? "సార్, ఈ లెక్కలో రెండో మెట్టు దాకా వచ్చాను, ఇక్కడ మైనస్ ఎందుకు వచ్చిందో తెలియలేదు" అని పుస్తకం చూపించండి. రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. పైగా మీ ముఖం ఆయనకు గుర్తుంటుంది. ఇంటర్నల్ మార్కులు వేసేటప్పుడు గుర్తున్న ముఖానికీ, గుర్తులేని ముఖానికీ తేడా ఉండకూడదు, నిజమే. ఉంటుంది.

ప్రతి బ్యాచ్‌కీ ఒక మెంటర్ అధ్యాపకుడు ఉంటారు. ఎవరో మొదటి వారమే కనుక్కోండి. యూనివర్సిటీల్లో ఎస్సీ, ఎస్టీ సెల్ ఉంటుంది. గొడవ జరిగితే వెళ్లే చోటు అనుకుంటారు. వెనకబడిన సబ్జెక్టుకు అదనపు క్లాసులు పెట్టించమని అడగడానికీ అదే చోటు. ఒక్కళ్లు వెళ్తే ఆగవచ్చు. అయిదుగురు కలిసి కాగితం మీద రాసి, తేదీ వేసి, నకలు మీద స్టాంపు వేయించుకుంటే కదులుతుంది. మా అమ్మాయి క్లాసులో ఆప్టిక్స్‌కి సాయంత్రం క్లాసు అలాగే వచ్చింది. సంతకం పెట్టిన అయిదుగురిలో మనవాళ్లు ఇద్దరే. మిగతా ముగ్గురికీ అర్థం కాలేదు మరి! ఆ ర్యాంకు అడిగిన సంగతి కూడా సెల్‌కి రాసి ఇచ్చింది. ఎవరినైనా ర్యాగింగ్ చేస్తే యూజీసీ ఉచిత నంబరు 1800-180-5522. మనసు బాగా కుంగిపోతే టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. ఈ రెండు నంబర్లూ ఇప్పుడే ఫోన్‌లో ఎక్కించుకోండి, తర్వాత అనవద్దు.

డబ్బు సంగతి కొంచెం. మార్కులకూ డబ్బుకూ సంబంధం లేదనుకుంటారు. హాజరు 75 శాతం తగ్గితే స్కాలర్‌షిప్ ఆగుతుంది, స్కాలర్‌షిప్ ఆగితే ఫీజు ఆగుతుంది, ఫీజు ఆగితే హాల్ టికెట్ దగ్గర తిరకాసు మొదలు. కేంద్ర పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు ఎస్టీ కుటుంబానికి ఏడాది ఆదాయ పరిమితి 2.5 లక్షలు. కులం, ఆదాయం పత్రాలు, ఆధార్ కలిపిన బ్యాంకు ఖాతా సెలవుల్లోనే సచివాలయంలో చూసుకోండి. పరీక్షల ముందు వీటి కోసం ఊరు రావడం అంటే వారం పోయినట్టే.

తల్లిదండ్రులకు ఒక మాట. కోపం తెచ్చుకోవద్దు. మన ఇళ్లలో పెళ్లంటే అయిదు రోజులు, కర్మంటే పదకొండు రోజులు. పిల్ల రాకపోతే బంధువులు ఏమంటారో అని ఫోన్ మీద ఫోన్ చేస్తారు. పండక్కి వచ్చిన పిల్లను "ఇంకో రెండు రోజులుండు" అంటారు. ఆ రెండు రోజులూ హాజరులోంచే పోతాయి. ప్రాక్టికల్ క్లాసు పోతే మళ్లీ పెట్టరు. పరీక్షల తేదీలు పిల్లను అడిగి క్యాలెండర్ మీద గుండ్రంగా గీసుకోండి. చదువు రాని తల్లులు కూడా గీయగలరు. ఒక తల్లి అలాగే గీసుకుంది, ఆ గీతల్లోపు ఏ శుభకార్యమైనా తానొక్కతే వెళ్లి వచ్చింది. మాటలు పడింది కూడా. మేనత్తలు ఊరుకుంటారా?

ఆ అమ్మాయి సప్లిమెంటరీలో రెండూ పాసైంది. ఆప్టిక్స్‌లో 61. ఏమంత గొప్ప మార్కు కాదు, మాకు తెలుసు. రెండో ఏడాది నుంచి ఒక్కటీ పోలేదు. ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో ఉంది, శిబిరాలకు వెళ్తోంది. చదువు రానివాళ్ల చూపు కొలవడానికి అక్షరాల బదులు నాలుగు దిక్కులకీ తిరిగే ఈ అక్షరం చార్టు ఉంటుంది, వేలితో ఎటు తిరిగిందో చూపిస్తే చాలు. ఒక గూడెంలో ముసలామె సిగ్గుపడి చెయ్యి ఎత్తకపోతే, ఈ అమ్మాయి పక్కన కూర్చుని వాళ్ల భాషలో రెండు మాటలు కలిపాక పరీక్ష జరిగిందట. అక్కడున్న మిగతా ముగ్గురు ఇంటర్న్‌లకీ ఆ భాష రాదు.

సంఘం వారిని ఒకటి అడుగుతున్నాం. పారామెడికల్ కోర్సుల్లో చదువుతున్న మన పిల్లలు ఏ ఏ కాలేజీల్లో ఉన్నారో ఒక పట్టీ తయారు చేయండి. కొత్తగా చేరే పిల్లకు అదే కోర్సులో రెండేళ్లు ముందున్న అక్కో, అన్నో దొరికితే, వార్డెన్లం మేం రాత్రి తొమ్మిదింటికి ఎత్తే ఫోన్లు సగం తగ్గుతాయి. మిగతా సగం ఎత్తడానికి మేం ఉన్నాం.

భోజనాలయ్యాక మేం అటు వేపచెట్టు కింద కూర్చుంటాం. సప్లీలు ఉన్నవాళ్లు ఫోన్‌లో మార్కుల మెమో, దిద్దిన పేపర్లు ఉంటే ఫొటోలు చూపించండి. సిగ్గుపడేవాళ్లు చివరలో రండి, సాయంత్రం అయిదు దాకా ఉంటాం. ఆఖరి బస్సు సంగతి మాత్రం మీరే చూసుకోవాలి.